‘లేడు’ అంటే ఎక్కడ?



మన భాషలో ‘లేడు’ అని ఒక చిన్న మాట ఉంది. తలుపు కొట్టి "అబ్బాయి ఉన్నాడా అండీ?" అని అడుగుతాం. "లేడు, బజారుకెళ్ళాడు, వచ్చేస్తాడు" అంటారు లోపలినుంచి. ఇంకో ఇంటికి వెళ్తాం. "మావాడు లేడు బాబూ" అంటుంది ఒక పెద్దావిడ. మనం చెప్పులు విడిచి, ఆ గుమ్మంలోనే కూలబడిపోతాం. మాట ఒక్కటే, అర్థాలు రెండు. ఏది ఏదో గొంతు చెప్పేస్తుంది. చెప్పే మనిషికి నిజం తెలుసు గనక ఆ గొంతు వస్తుంది. మరి ఆ మనిషికే తెలియకపోతే? కొడుకు బజారుకెళ్ళాడో, జైల్లో ఉన్నాడో, చచ్చిపోయాడో తెలియని తల్లి ‘లేడు’ అనే మాటను ఏ గొంతుతో అనాలి?

ఇవాళ్టి ప్రసంగం ఆ తల్లుల గురించి. దేశం అర్జెంటీనా. కాలం 1976 మార్చి 24 నుంచి 1983 డిసెంబరు దాకా. కాలం అక్కడితో ఆగలేదనుకోండి, ఆ సంగతి తర్వాత.

1979 డిసెంబరులో ఆ దేశపు సైనిక పాలకుడు హోర్హే రఫాయెల్ విదేలాను పత్రికా సమావేశంలో ఒక విలేకరి మాయమైనవాళ్ళ గురించి అడిగాడు. విదేలా చాలా ప్రశాంతంగా, పాఠం చెబుతున్నట్టు, చేతులు గాల్లో ఆడిస్తూ జవాబిచ్చాడు. కనబడనివాడు కనబడనంతవరకు తెలియని మనిషే, వాడికంటూ ఒక ఉనికి లేదు, బతికీ లేడు, చచ్చీ లేడు, అంతే, లేడు. ఆయన చెప్పినదాని సారం అది. ఆ దృశ్యం ఇప్పటికీ చూడొచ్చు. ఎన్నిసార్లు చూసినా నన్ను భయపెట్టేది ఆ మాటల్లోని క్రూరత్వం కాదు. వ్యాకరణం. ‘లేడు’కున్న రెండు అర్థాల మధ్య ఎంత చీకటి పడుతుందో ఒక సైన్యాధికారికి అంత బాగా తెలిసి ఉండడం.

వెనక్కి వెళ్దాం. 1976 నాటికి అర్జెంటీనా అల్లకల్లోలంగా ఉంది. ఒకపక్క సాయుధ గెరిల్లా దళాలు, ఇంకోపక్క ప్రభుత్వం అండ ఉన్న హంతక ముఠాలు, మధ్యలో చుక్కలనంటుతున్న ధరలు. సైన్యం అధ్యక్షురాలు ఇసబెల్ పెరోన్‌ను దించేసి, ముగ్గురు సేనాధిపతుల కూటమిగా అధికారం చేజిక్కించుకుంది. పదాతిదళం నుంచి విదేలా, నౌకాదళం నుంచి మసేరా, వైమానికదళం నుంచి అగోస్తి. దేశాన్ని చక్కదిద్దే ప్రక్రియ అని దానికో పేరు కూడా పెట్టుకున్నారు.

అంతకు మూడేళ్ళ ముందు పక్కనున్న చిలీలో పినోచే మనుషుల్ని స్టేడియంలో కుక్కాడు, కాల్చాడు. ప్రపంచమంతా చూసింది, తిట్టింది. అర్జెంటీనా సైన్యాధికారులు ఆ పాఠం తమ పద్ధతిలో నేర్చుకున్నారు. చంపడం మానాలని కాదు, కనబడకుండా చంపాలని. నంబరు ప్లేట్లు లేని ఫోర్డ్ ఫాల్కన్ కార్లు అర్ధరాత్రి వచ్చేవి. మనిషిని ఎక్కించుకునేవి. మర్నాడు పోలీస్ స్టేషన్‌కు వెళ్తే మాకు తెలియదు అనేవారు. బారక్స్‌కు వెళ్తే పోలీసుల్ని అడగండి అనేవారు. మనిషిని కోర్టు ముందు చూపించమని హెబియస్ కార్పస్ పిటిషన్ వేస్తే, అటువంటి వ్యక్తి మా అధీనంలో లేడని అధికారులు రాసిచ్చేవారు, కోర్టు పిటిషన్ కొట్టేసేది. ఇట్లా వేల పిటిషన్లు. మళ్ళీ అదే మాట చూడండి, ‘లేడు’.

ఎవరు వీళ్ళంతా? సాయుధ పోరాటంలో ఉన్నవాళ్ళూ ఉన్నారు. కాని ప్రజాస్వామ్యం వచ్చాక వేసిన విచారణ సంఘం తీసిన లెక్క ప్రకారం ముప్ఫై శాతం మంది కార్మికులు, ఐదోవంతు విద్యార్థులు. ఇంకా లాయర్లు, విలేకరులు, టీచర్లు, సన్యాసినులు. ఒకరి డైరీలో ఫోన్ నంబరు ఉన్నందుకు మాయమైనవాళ్ళూ ఉన్నారు. దేశమంతటా సుమారు 340 రహస్య నిర్బంధ కేంద్రాలను ఆ సంఘం అప్పట్లోనే గుర్తించింది. తర్వాత ఆ సంఖ్య రెట్టింపు దాటింది.

వాటిల్లో పేరుమోసింది ఎస్మా. బ్యూనస్ ఏర్స్ నగరంలోనే, పెద్ద రోడ్డు పక్కన, తెల్ల స్తంభాలతో దర్జాగా ఉండే నౌకాదళ మెకానిక్స్ స్కూలు. దాదాపు ఐదువేలమంది బందీలు ఆ ఆవరణలోకి వెళ్ళారని అంచనా, బతికి బయటపడ్డది కొద్దిమంది. ఆఫీసర్లు నిద్రపోయే భవనంలోనే పై అటకమీద, తలకు ముసుగేసి, కాళ్ళకు సంకెళ్ళేసి మనుషుల్ని పడుకోబెట్టేవారు. 1978లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ అర్జెంటీనాలోనే జరిగింది. ఫైనల్ ఆడిన స్టేడియం ఎస్మాకు నడిచి వెళ్ళేంత దూరం. గోల్ పడినప్పుడల్లా జనం కేకలు ముసుగుల కిందికి వినబడేవి. ఆరోజు 3-1 తేడాతో అర్జెంటీనా కప్పు గెలిచింది.

ఇది రేడియో కాబట్టి ఒక రేడియో సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1979 సెప్టెంబరులో అమెరికా ఖండాల మానవహక్కుల కమిషన్ బ్యూనస్ ఏర్స్‌కు వచ్చి, ఫిర్యాదులు తీసుకోవడానికి ఆఫీసు తెరిచింది. తమ పిల్లల ఫోటోలు పట్టుకుని జనం వీధి పొడవునా క్యూ కట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే టోక్యోలో కుర్రాళ్ళ ప్రపంచ కప్, పద్దెనిమిదేళ్ళ మారడోనా ఉన్న జట్టు గెలిచింది. అప్పట్లో దేశంలోకెల్లా పెద్ద వ్యాఖ్యాత హోసె మరియా మున్యోస్ రేడియోలో పిలుపిచ్చాడు. అందరూ వీధుల్లోకి రండి, ఆ వచ్చిన విదేశీ పెద్దమనుషులకు అసలు అర్జెంటీనా ఏమిటో చూపించండి అని. జనం వచ్చారు. క్యూలో నిలబడ్డ తల్లుల పక్కనుంచే జెండాలూపుతూ, పాడుతూ పోయారు. స్పానిష్‌లో మానవహక్కులు అనే మాటను కాస్త విరిస్తే ‘నిక్కచ్చివాళ్ళం, మానవత్వమున్నవాళ్ళం’ అనే అర్థం వస్తుంది. ఆ విరిచిన మాటతో స్టిక్కర్లు అచ్చేసి కార్ల అద్దాల మీద అంటించారు. మైకు ముందు కూర్చునే ఎవరికైనా ఆ మున్యోస్ కథ ఒకసారి తెలియాలి. ఆయన ఎవరినీ కొట్టలేదు, ఎత్తుకుపోలేదు. గొంతు బాగుండేది, అంతే.

అయినా ఆ క్యూ చెదరలేదు. కమిషన్ ఐదువేలకు పైగా ఫిర్యాదులు రాసుకుని వెళ్ళింది.

ఆ క్యూలో నిలబడ్డవాళ్ళు అప్పటికి రెండేళ్ళుగా ఇంకోచోట నడుస్తున్నారు. 1977 ఏప్రిల్ 30, శనివారం. అధ్యక్ష భవనం ముందున్న ప్లాసా దె మాయో అనే చౌకులో పద్నాలుగుమంది ఆడవాళ్ళు పోగయ్యారు. ఎక్కువమంది ఇల్లు దాటి ఎరగని గృహిణులు. ఆఫీసుల్లో, బారక్స్‌లో, చర్చి వరండాల్లో అదేపనిగా కలుసుకుని, ఒకరి ముఖం ఒకరికి పరిచయమైనవాళ్ళు. వాళ్ళను కూడగట్టినావిడ అసుసేనా విల్లాఫ్లోర్. కొడుకునూ, కొడుకు కట్టుకోబోయే పిల్లనూ అంతకు ముందు నవంబరులో ఎత్తుకుపోయారు. విడివిడిగా తిరిగితే ఏమీ కాదు, అందరం కలిసి ఆ చౌకుకే పోదాం అన్నది ఆవిడే. శనివారం ఆఫీసులుండవు, చూసేవాళ్ళుండరు. అందుకని గురువారానికి మార్చుకున్నారు, మధ్యాహ్నం మూడున్నరకు.

గుంపుగా నిలబడితే చట్టవిరుద్ధం అన్నారు పోలీసులు. నిలబడొద్దు, కదలండి, కదలండి అని అదిలించారు. సరే అన్నారు తల్లులు. ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని చౌకు మధ్యలో ఉన్న స్తంభం చుట్టూ నడవడం మొదలుపెట్టారు. పోలీసు ఉత్తర్వునే ఊరేగింపుగా మార్చేశారు. మన పల్లెల్లో గుడి చుట్టూ ప్రదక్షిణం చేసే ఆడవాళ్ళని చూసినవాళ్ళకు ఆ నడక తెలుస్తుంది. ఆ నడకలో తొందర ఉండదు, ఆగడమూ ఉండదు. జనంలో ఒకర్నొకరు గుర్తుపట్టడానికి అదే ఏడాది తలకు తెల్లగుడ్డ కట్టుకున్నారు. ఏ గుడ్డ? ఎప్పుడో పిల్లలు పసివాళ్ళుగా ఉన్నప్పుడు వాళ్ళ నడుముకు చుట్టి, దాచిపెట్టుకున్న గుడ్డ.

వాళ్ళ మధ్యకు ఒక కుర్రాడు వచ్చేవాడు. రాగి జుట్టు, నీలికళ్ళు, నెమ్మదస్తుడు. మా అన్నను ఎత్తుకుపోయారమ్మా అనేవాడు. తల్లులకు వాడిమీద జాలి. నువ్వు చిన్నవాడివి, ఇక్కడికి రాకు నాయనా, నిన్నూ పట్టుకుపోతారు అని మందలించేవారు. వాడి అసలు పేరు అల్ఫ్రెదో అస్తిస్, నౌకాదళ అధికారి. 1977 డిసెంబరు 8న సాంతా క్రూస్ చర్చి దగ్గర, పత్రికలో వేయించబోయే ప్రకటనకోసం చందాలు పోగుచేసుకుంటున్న వాళ్ళను వాడే గుర్తుపట్టి చూపించాడు. రెండురోజుల తర్వాత, డిసెంబరు 10న, మాయమైనవాళ్ళ పేర్లతో ఆ ప్రకటన పత్రికలో వచ్చింది. అది కొనుక్కోవడానికని పొద్దున్నే ఇల్లు దాటిన అసుసేనాను వీధిలోనే కారెక్కించారు. ప్రపంచమంతా మానవహక్కుల దినం జరుపుకునే తేదీ అది.

అట్లా పోయిన పన్నెండుమందిలో ఎస్తెర్ బల్యెస్త్రినో అని ఇంకో తల్లి ఉంది. పరాగ్వే నుంచి వచ్చిన రసాయన శాస్త్రజ్ఞురాలు. ఒకప్పుడు ఆవిడ లాబొరేటరీలో పనిచేసిన కుర్రాడే తర్వాత పోప్ ఫ్రాన్సిస్ అయ్యాడు. అది కాదు నేను చెప్పదలచుకున్నది. గర్భిణిగా ఉన్న పదహారేళ్ళ కూతురిని ఎత్తుకుపోతే ఎస్తెర్ చౌకుకు రావడం మొదలుపెట్టింది. కొన్ని నెలలకు కూతురిని వదిలేశారు. పిల్లను దేశం దాటించి, ఎస్తెర్ మళ్ళీ గురువారం నాడు చౌకులో హాజరు! నీ పిల్ల దొరికింది కదా, ఇంటికి పో అన్నారు తోటి తల్లులు. అందరి పిల్లలూ దొరికేదాకా వస్తాననింది. వచ్చింది. ఇక ఇంటికి పోలేదు.

ఆ డిసెంబరు చివర్లో దక్షిణాన సముద్రపుటొడ్డుకు కొన్ని శవాలు కొట్టుకొచ్చాయి. ఊరివాళ్ళు పేరులేని గుంతల్లో పాతిపెట్టారు. 2005లో అర్జెంటీనా ఫోరెన్సిక్ మానవశాస్త్ర బృందం ఆ ఎముకల్ని తవ్వి తీసి పరీక్షిస్తే, అసుసేనా, ఎస్తెర్, ఇంకా ఒక ఫ్రెంచి సన్యాసిని తేలారు. చాలా ఎత్తునుంచి గట్టిగా ఉన్నదానిమీద పడితే ఎముకలెట్లా విరుగుతాయో అట్లా విరిగి ఉన్నాయి. అంత ఎత్తునుంచి పడితే నీళ్ళైనా రాయిలాగే తగులుతాయి.

విమానాల సంగతి అంతకు పదేళ్ళ ముందే బయటపడింది. 1995లో అదోల్ఫో సిలింగో అనే మాజీ నౌకాదళ అధికారి ఒక విలేకరి దగ్గర నోరు విప్పాడు. బందీలకు మిమ్మల్ని దక్షిణానికి బదిలీ చేస్తున్నామని చెప్పేవారట, టీకా అని మత్తుసూది పొడిచేవారట, బట్టలు విప్పి, ఎగురుతున్న విమానం తలుపు తెరిచి తోసేసేవారట. తాను రెండుసార్లు వెళ్ళానన్నాడు. స్పెయిన్ కోర్టు 2005లో అతనికి 640 ఏళ్ళ శిక్ష వేసింది. అట్లాంటి విమానం ఒకటి తర్వాత అమెరికాలో ఫ్లోరిడాలో దొరికింది, హాయిగా సరుకులు మోసుకుంటూ! ఎస్మాలో బందీగా ఉండి బతికిన మిరియం లెవిన్ అనే విలేకరి, ఒక ఇటాలియన్ ఫోటోగ్రాఫర్‌తో కలిసి దాని ఆచూకీ తీసింది. విమానంతో పాటు దాని లాగ్ పుస్తకాలూ దొరికాయి. 1977 డిసెంబరు 14 రాత్రి మూడుగంటల ప్రయాణం, ఎక్కడా దిగకుండా, బయల్దేరిన నగరానికే వాపసు. పైలట్ల పేర్లతో సహా రాసి ఉంది. మనిషి ఉనికినే తుడిచేసినవాళ్ళు పెట్రోలు లెక్క మాత్రం తుడవలేదు. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆ విమానాన్ని 2023లో వెనక్కి తెచ్చి ఎస్మా ఆవరణలోనే నిలబెట్టారు. ఎస్మా ఇప్పుడు మ్యూజియం.

ఇక్కడ కొద్దిగా మన ఇంటివైపు చూడాలి. 1976 మార్చి నెలలోనే, అర్జెంటీనాలో సైనిక తిరుగుబాటుకు మూడువారాల ముందు, ఎమర్జెన్సీలో ఉన్న మన దేశంలో కాలికట్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి రాజన్‌ను పోలీసులు హాస్టల్‌నుంచి తీసుకుపోయారు. తండ్రి ఈచర వారియర్ ఎక్కని గడప లేదు. మీ అబ్బాయి మా దగ్గర లేడు అన్నారు. ఆ ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ అడిగే హక్కు ఎవరికీ లేదని తీర్పు చెప్పింది. అయిదుగురిలో కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే. ఎమర్జెన్సీ పోయాక తండ్రి వేసిన హెబియస్ కార్పస్ వల్ల కేరళలో కరుణాకరన్ ముఖ్యమంత్రి పదవి పోయింది. రాజన్ శవం మాత్రం ఇప్పటిదాకా దొరకలేదు. అర్జెంటీనా మనకంత దూరంలో లేదని చెప్పడానికి ఇది చాలు.

మళ్ళీ తల్లుల దగ్గరికి. చౌకులో తిరిగే ఆడవాళ్ళలో కొందరికి పోయింది ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురు. కూతురు, కూతురి కడుపులో బిడ్డ. లేదా కొడుకు, కోడలు, చంకలో పసిపాప. వీళ్ళు 1977లోనే తమదంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. పన్నెండుమంది. స్పానిష్‌లో వాళ్ళ పేరు ‘అబువేలాస్’. తెలుగులో ఏమనాలి? స్పానిష్‌లో తల్లి తల్లీ, తండ్రి తల్లీ ఒకే మాటలో ఇమిడిపోతారు. మనకు కుదరదు. అమ్మమ్మ వేరు. నాయనమ్మ వేరు, ఆవిడే గోదావరి జిల్లాల్లో మామ్మ, సీమలో జేజి, తెలంగాణలో బాపమ్మ. ఈ తేడా గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పనిపడుతుంది.

సైన్యం గర్భిణులను ప్రసవమయ్యేదాకా బతకనిచ్చేది. ఎస్మాలో అందుకో గదే ఉండేది. బిడ్డ పుట్టాక తల్లి ‘బదిలీ’ అయ్యేది. బిడ్డ ఏ ఆఫీసరు ఇంటికో, వాళ్ళకు తెలిసినవాళ్ళ ఇంటికో చేరేది, సొంత బిడ్డ అని దొంగ జనన పత్రంతో. అట్లా సుమారు అయిదువందలమంది పిల్లలని ఈ పెద్దవాళ్ళ అంచనా.

ఈ ముసలమ్మలు గూఢచారులయ్యారు. కాఫీ హోటళ్ళలో పుట్టినరోజు జరుపుకుంటున్నట్టు కూర్చుని, కేకు ముక్కల మధ్య కాగితాలు మార్చుకునేవారు. ఫోన్లో ‘పువ్వులు’ అంటే పిల్లలు, ‘తెల్లాయన’ అంటే పోప్. తమకు తాము పెట్టుకున్న పేరు ‘ముసలి అత్తలు’. ఎవరింట్లోనో హఠాత్తుగా పసిబిడ్డ కనబడిందని కబురొస్తే, ఆ ఇంట్లో పనికి కుదిరినట్టు వెళ్ళి చూసి వచ్చేవారు. సరే, ఫలానా స్కూల్లో ఫలానా పాపే నా మనవరాలు అని గుండె చెప్పింది. గుండె చెప్పిందని కోర్టు ఒప్పుకుంటుందా? రక్తపరీక్షతో తండ్రిని తేల్చవచ్చని పేపర్లో చదివారు. కాని ఇక్కడ తండ్రీ లేడు, తల్లీ లేదు. మధ్య తరం మొత్తం గాయబ్. మా రక్తంతో మా మనవల్ని గుర్తుపట్టగలరా? ఈ ప్రశ్న పట్టుకుని ఊళ్ళు, దేశాలు తిరిగారు. ఏ శాస్త్రవేత్తకూ అంతకుముందు ఆ అవసరం రాలేదు.

న్యూయార్క్‌లో ఒకరు, ఇంకోచోట ఇంకొకరు వింటూ పోయారు. చివరికి కాలిఫోర్నియాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో మేరీ క్లెయిర్ కింగ్ అనే జన్యుశాస్త్రజ్ఞురాలు పని చేతికి తీసుకుంది. నలుగురు పెద్దవాళ్ళ రక్తంలో గుర్తుల్ని పోల్చి, ఈ బిడ్డ వీళ్ళ మనవరాలయ్యే అవకాశం ఎంతో లెక్కకట్టే పద్ధతిని అక్కడి శాస్త్రజ్ఞులు గణితంతో సాధించారు. దానికి పేరు కూడా వాళ్ళను బట్టే వచ్చింది, తెలుగులో అవ్వాతాతల సూచిక అనుకుందాం. 1984లో పౌలా లోగారెస్ అనే ఎనిమిదేళ్ళ పాపతో అది కోర్టులో నెగ్గింది. రెండేళ్ళప్పుడు తల్లిదండ్రులతో పాటు ఎత్తుకుపోయి, ఒక పోలీసాయన అప్పుడే పుట్టిన బిడ్డగా రాయించుకున్న పిల్ల. పేరూ, తల్లిదండ్రులేనా, వయసు కూడా దొంగిలించారన్నమాట. ఆ డిసెంబరులో పాప అమ్మమ్మ ఇంటికొచ్చింది.

ఆ తర్వాత కింగ్ బృందం ఇంకో దారి పట్టింది. మన దాదాపు ప్రతి కణంలోనూ తల్లినుంచి మాత్రమే వచ్చే జన్యుపదార్థం కొంత ఉంటుంది, మైటోకాండ్రియాది. తండ్రిది కలవదు. అమ్మమ్మనుంచి అమ్మకు, అమ్మనుంచి బిడ్డకు దాదాపు మార్పు లేకుండా దిగుతుంది. కాబట్టి ఇంకెవ్వరూ మిగలకపోయినా సరే, అమ్మమ్మ ఒక్కర్తి ఉంటే చాలు. స్పానిష్ భాష చూడని తేడాను శాస్త్రం చూసింది. తెలుగు మొదటినుంచీ చూస్తూనే ఉంది. ఇంటిపేరు తండ్రిది, గోత్రం తండ్రిది, కాగితాలన్నీ తండ్రివి. సైన్యం చెరిపేసింది కూడా కాగితాలనే. కాగితానికెక్కని అమ్మమ్మ వరస వాళ్ళ చేతికి అందలేదు.

మరి నాయనమ్మలు? సంఘం పెట్టిన పన్నెండుమందిలో చిచా మరియాని నాయనమ్మ. 1976 నవంబరులో లా ప్లాతా ఊళ్ళో ఆవిడ కొడుకు ఇంటిమీద సైన్యం గంటల తరబడి కాల్పులు జరిపింది. కోడలు చనిపోయింది. మూడునెలల మనవరాలు క్లారా అనాయీని సైనికులు తీసుకుపోయారు. ఆ ఇల్లు తూట్ల గుంతలతో ఇప్పటికీ అట్లాగే ఉంది. రక్తపరీక్ష వార్త చూసి పట్టుకున్నవాళ్ళలో చిచా ఒకరు. ఎందరో మనవలు ఇల్లు చేరారు. 2018లో, తొంభై నాలుగేళ్ళ వయసులో, చిచా కన్నుమూసింది. క్లారా అనాయీ ఇంకా దొరకలేదు.

చట్టం కథ క్లుప్తంగా చెప్పేస్తాను. ప్రజాస్వామ్యం వచ్చాక విచారణ సంఘం 8,961 మంది వివరాలు నమోదుచేసింది. హక్కుల సంఘాలు చెప్పే సంఖ్య ముప్ఫైవేలు. ఈ రెండు అంకెల మధ్య అక్కడ ఇప్పటికీ రాజకీయాలు నడుస్తాయి. చంపినవాడు లెక్క చెప్పకపోతే, వెతికేవాడి లెక్క తప్పని దబాయించడం ఎక్కడైనా ఉన్నదే. 1985లో తొమ్మిదిమంది సేనాధిపతుల్ని మామూలు సివిల్ కోర్టులో నిలబెట్టారు. ఎనిమిదివందలకు పైగా సాక్షులు. విదేలాకూ, మసేరాకూ యావజ్జీవం. ఆ తర్వాత సైన్యం గుర్రుమంటే ప్రభుత్వం వెనకడుగేసింది. ఇక కేసులు చాలు అని ఒక చట్టం, పైవాడి ఆజ్ఞ పాటించినవాడిది తప్పు కాదని ఇంకో చట్టం, చివరికి 1990లో విదేలాకు క్షమాభిక్ష.

కాని ఆ చట్టాలు రాసినవాళ్ళు ఒక సందు వదిలారు. పిల్లల్ని దొంగిలించడం వాటి కిందికి రాదు. ముసలమ్మలు ఆ సందులోనే కాలు పెట్టి తలుపు మూయనివ్వలేదు. 1998లో విదేలాను మళ్ళీ అరెస్టు చేసింది శిశువుల దొంగతనం కేసులోనే. 2005లో సుప్రీంకోర్టు ఆ రెండు చట్టాలనూ కొట్టేసింది. 2012లో శిశువుల కేసులో అతనికి యాభై ఏళ్ళు పడ్డాయి. ఆ ఏడాదే ఒక రచయితతో, ఏడెనిమిదివేలమంది చావాల్సి వచ్చింది, జనం గొడవ చేయకూడదని శవాలు మాయం చేశామని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడు జైల్లోనే పోయాడు. తన విషయంలో ‘లేడు’ అనే మాటకు రెండో అర్థం లేకుండా, తేదీతో సహా.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి తల్లుల మధ్య వచ్చిన తగాదాలు. ఎముకలు తవ్వుదామా వద్దా అని చీలిపోయారు. ఎబె దె బొనాఫీని నాయకత్వంలో కొందరు, మా పిల్లల్ని ప్రాణాలతో తీసుకుపోయారు, ప్రాణాలతోనే అడుగుతాం, ఎముకల సంచీ ఇస్తే పుచ్చుకుని ఇంటికి పోము అన్నారు. నష్టపరిహారమూ ముట్టుకోలేదు. ఇంకొందరు, పిడికెడు ఎముకలైనా ఇప్పించండి, ఒక చోటున పూలు పెట్టుకుంటాం అన్నారు. ఎవరిది తప్పనగలం? అంతకుముందు 1979లోనే సైన్యం ఒక చట్టం తెచ్చింది. మాయమైనవాణ్ణి చనిపోయినట్టు ప్రకటించుకోవచ్చని. పింఛను వస్తుంది, ఆస్తి పంచుకోవచ్చు. తల్లి చేత్తోనే బిడ్డ చావును సంతకం చేయించే ఉపాయం. ఎబె బృందం మొండితనానికి వేరు అక్కడుంది.

మనవల విషయమూ అంత తేలిక కాదు. ముప్ఫై ఏళ్ళు నాన్నా అని పిలిచినవాడు నీ తండ్రిని చంపినవాళ్ళతో కలిసి పనిచేశాడని ఒకరోజు కాగితం వస్తుంది. కొందరు పరీక్షకు రక్తం ఇవ్వం అన్నారు. మమ్మల్ని పెంచినవాళ్ళను జైలుకు పంపే సాక్ష్యం మా ఒంట్లోంచే తీస్తారా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వాడిన బట్టలు, బ్రష్షుల నుంచి కోర్టు ఆజ్ఞతో నమూనా తీసుకోవచ్చని 2009లో చట్టం చేశారు. నిజం తెలుసుకోవడం ఆ మనిషి ఒక్కడి హక్కా, వాడికోసం ఎదురుచూస్తున్న ముసలిదాని హక్కు కూడానా? నేనైతే ముసలిదాని పక్కే. కాని ఆ కాగితం అందుకున్న ఇంటి గుమ్మంలో నిలబడి ఆ మాట అనగలనో లేదో.

అబువేలాస్ సంఘానికి చాలాకాలంగా అధ్యక్షురాలు ఎస్తెలా దె కార్లోత్తో, స్కూల్ హెడ్‌మిస్ట్రెస్‌గా చేసినావిడ. కూతురు లౌరా నిర్బంధంలో 1978 జూన్‌లో బిడ్డను కన్నది, ఆగస్టులో చంపేశారు. తన తండ్రి పేరే బిడ్డకు పెట్టుకుంది లౌరా, గీదో అని. ఇతరుల మనవలు వంద మందికి పైగా తేలారు. ఎస్తెలా మనవడు మాత్రం రాలేదు. 2014లో ఒలవరియా అనే ఊరినుంచి ఒక పియానో వాద్యకారుడు, ముప్ఫై ఆరేళ్ళవాడు, నా పుట్టుకమీద నాకే అనుమానం ఉందని తనంతట తానే వచ్చి రక్తమిచ్చాడు. అతనే గీదో. వరసలో 114వ మనవడు. అమ్మమ్మకప్పుడు ఎనభై మూడు. పేరు మాత్రం తనను పెంచినవాళ్ళు పెట్టిన ఇగ్నాసియోనే ఉంచుకున్నాడు, ఇంటిపేరు మార్చుకున్నాడు.

2006లో ఐక్యరాజ్యసమితి, మనుషుల్ని మాయం చేయడానికి వ్యతిరేకంగా ఒక ఒడంబడిక చేసింది. దాని లెక్కలో ఈ నేరం జరిగిపోయింది కాదు, జరుగుతున్నది. మనిషి ఏమయ్యాడో చెప్పేదాకా ప్రతిరోజూ కొత్తగా జరుగుతూనే ఉంటుంది. మన దేశం 2007లో సంతకం పెట్టింది, ఆమోదించడం మాత్రం ఇంకా మిగిలే ఉంది. మెక్సికోలో ఇవాళ మాయమైనవాళ్ళ సంఖ్య లక్ష దాటింది. అక్కడ 2014లో నలభైముగ్గురు విద్యార్థులు పోయినప్పుడు, తల్లిదండ్రులు నమ్మి పిలిపించుకున్నది అర్జెంటీనా ఎముకల బృందాన్నే.

అర్జెంటీనాలో 2025 నాటికి 140 మంది మనవలు తేలారు. మిగిలినవాళ్ళు యాభైకి దగ్గరపడి ఉంటారు, జుట్టు నెరుస్తూ ఉంటుంది, వాళ్ళకు పిల్లలుంటారు. ముసలమ్మలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అది ముందే ఊహించి, 1998 నుంచి వాళ్ళొక పని చేశారు. ప్రతి మాయమైన జంట గురించీ వాళ్ళ అమ్మను, నాన్నను, తోబుట్టువును, క్లాసులో పక్కన కూర్చున్నవాణ్ణి, ఫ్యాక్టరీలో తోటి పనివాణ్ణి టేప్‌రికార్డర్ ముందు కూర్చోబెట్టి మాట్లాడించారు. మీ అమ్మ ఏ పాట పాడేది, మీ నాన్న ఏ జట్టుకోసం అరిచేవాడు, నువ్వు కడుపులో పడ్డావని తెలిసినరోజు ఇంట్లో ఏమనుకున్నారు, ఇట్లాంటివి. ఒక్కో మనవడికి ఒక పెట్టె. మనవడు దొరికిన రోజున ఆ పెట్టె చేతికిస్తారు. మాట్లాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు, గొంతులున్నాయి. అక్కడ అలమారాల్లో ఇంకా కొన్ని పెట్టెలు విప్పకుండా ఉన్నాయి.